మంచం ఎక్కడ వేద్దాం?

మన భాషలో ఒక చిన్న తమాషా ఉంది. చాప వేస్తాం, పీట వేస్తాం, మంచం వేస్తాం, కుర్చీ వేస్తాం. బీరువా మాత్రం వెయ్యం, పెడతాం. ఫ్రిజ్ పెడతాం, టీవీ పెడతాం. వేసినదాన్ని మళ్ళీ తీస్తాం, పెట్టింది మాత్రం పెట్టినచోటే ఉంటుంది. డబుల్ కాట్‌ని కూడా పాత అలవాటు కొద్దీ "వేశాం" అంటాం గానీ, ఇల్లు మారేదాకా దాన్ని కదిపినవాళ్ళు నాకు తెలిసి లేరు. గోదావరి జిల్లాల్లో ఇంటి సామాను చరిత్రంతా ఈ రెండు మాటల మధ్యే నడిచిందని నా సిద్ధాంతం. నేను పీహెచ్‌డీ ఏమీ చెయ్యలేదు లెండి, కోడ్ రాసుకు బతికేవాణ్ణి. పుట్టింది మాత్రం కోనసీమలో, అదీ ఒక లంక ఊళ్ళో.

గోదావరి ఇల్లు అనగానే అందరూ మండువా లోగిలి ఫోటో పెడతారు. మండువాలో పడే వాన, ఉయ్యాల బల్ల, పందిరి మంచం... బావుంటుంది, కాదనను. కానీ అలాంటివి ఊళ్ళో కొన్నే. మిగతా ఊరంతా తాటాకిళ్ళు, లేదంటే ఒక గదీ వంటిల్లూ వసారా ఉన్న పెంకుటిళ్ళు. అందులోనే ఏడెనిమిది మంది పడుకునేవాళ్ళు, వండుకునేవాళ్ళు, పురుళ్ళు పోసుకునేవాళ్ళు, ధాన్యం కూడా దాచుకునేవాళ్ళు. ఎలా పట్టేది?

నేల ఖాళీగా ఉంచడం వల్ల పట్టేది. తెల్లారగానే నులక మంచం ఎత్తి గోడకి నిలబెట్టేసేవారు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న మంచం పద్దెనిమిది చదరపు అడుగులు తింటుంది. నిలబెడితే జానెడు మందం. చాపలు చుట్టి మూలన పెడితే అయిపోయింది. బట్టలకి దండెం, చొక్కాకి చిలక్కొయ్య, పాలూ పెరుగూ ఉట్టి మీద, దీపానికి గోడలో గూడు. ఆవకాయ జాడీల దగ్గర్నించి పెళ్ళి గంగాళాల దాకా అటక మీద. పీట కూడా భోజనం అయ్యాక గోడకి చేరేసేవారు. మన పరిభాషలో చెప్పాలంటే నేలనేది షేర్డ్ మెమరీ. పని అవగానే ఎవరిది వాళ్ళు ఖాళీ చెయ్యాలి. ఒకే గది పొద్దున వంటిల్లు, మధ్యాహ్నం సావిడి, రాత్రి పడక. ఇంట్లో పెళ్ళి చేస్తే అదే పెళ్ళిల్లు కూడా. 1881 డిసెంబర్ 11న వీరేశలింగం గారు జరిపించిన మొదటి వితంతు వివాహం రాజమండ్రిలో ఆయన ఇంట్లోనే కదా జరిగింది.

ఇదంతా అందమైన పొదుపు అని మురిసిపోయే ముందు ఒక మాట. చాలా ఇళ్ళల్లో సామాను లేకపోవడానికి కారణం లేమి. ఇంకో కారణం కులం. సొంత గుడిసె ముందు సొంత మంచం మీద కూర్చున్నా, భూస్వామి అటు వస్తుంటే దళితుడు లేచి నిలబడాల్సిందే. ఆసామి ఇంట్లో కుర్చీ ఉందంటే అది ఎవరు కూర్చోవచ్చో చెప్పడానికి ఎంతో, ఎవరు కూర్చోకూడదో చెప్పడానికీ అంతే. ఇంటి సామాను ఎలా సర్దాలి అనే ప్రశ్న ఆ రోజుల్లో వాస్తు వాళ్ళది కాదు, పెత్తందారులది.

అసలు కుర్చీ అన్న మాటే మనది కాదు. అరబ్బీ 'కుర్సీ' పారశీకం మీదుగా వచ్చింది. అలమరా పోర్చుగీసు వాళ్ళది. విచిత్రం ఏంటంటే, మనవాళ్ళకి వీటిని చెయ్యడం బాగా తెలుసు! పొరుగునే ఉన్న విశాఖపట్నంలో 18వ శతాబ్దంలో తెలుగు పనివాళ్ళు ఏనుగు దంతం పొదిగి కుర్చీలు, రాతబల్లలు, బీరువాలు చేసేవారు. కొన్నది ఇంగ్లీషు దొరలు. ఇప్పుడు కొన్ని లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. అవి చేసినవాళ్ళు మాత్రం ఇంటికొచ్చి చాప మీదే పడుకుని ఉంటారు. ఆఫ్‌షోర్ డెవలప్‌మెంట్ మనకి కొత్తేం కాదు!

డెల్టాలో కథ మారింది కాటన్ ఆనకట్టతో. 1847లో ధవళేశ్వరం దగ్గర మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు. కాలవల కింద వరి, వరితో డబ్బు. పైన ఏజెన్సీ అడవుల టేకు, వెదురు గోదావరి మీదే తెప్పలు కట్టి రాజమండ్రికి దించేవారు. నీళ్ళిచ్చిన ఏరే కలప కూడా తెచ్చిందన్నమాట. డబ్బున్న ఇళ్ళల్లో పందిరి మంచాలు, భోషాణాలు దిగాయి. భోషాణం అంటే నాకు గౌరవం. లోపల ఇత్తడి సామాను, పైన పక్క. పగలు కూర్చునే బల్ల, రాత్రి పిల్లాడికి మంచం. ఈనాటి స్టోరేజ్ కాట్ కనిపెట్టామనుకునే వాళ్ళు ఒకసారి దానికి దండం పెట్టాలి.

అయితే డెల్టాలో సామాను సర్దడానికి అసలు కొలత గది పొడవు వెడల్పులు కాదండి, నీటి ఎత్తు. ముఖ్యంగా లంకల్లో. 1986 ఆగస్టు వరదకి భద్రాచలం దగ్గర 75.6 అడుగులు నమోదైంది, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మా అమ్మమ్మ ఆ వరద గురించి చెప్పేటప్పుడు మనుషుల కంటే ముందు సామాను సంగతే చెబుతుంది. మొదట అటకెక్కింది విత్తనాల బస్తా. తర్వాత బియ్యం, తర్వాత పట్టాదారు కాగితాలున్న రేకు పెట్టె, తర్వాత పొడి పిడకలూ కట్టెలూ. మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టారు. నీళ్ళు ఇంకా పెరిగాక మంచం మీద మంచం వేసి, పైదాని మీద పొయ్యి పెట్టి వండారట. విత్తనాలు బియ్యం కంటే ముందెందుకంటే, బియ్యం ఎవరో ఒకరు పంచుతారు, విత్తనం ఎవడిస్తాడు?

ఇద్దరు మనుషులు ఒక్క నిమిషంలో ఎత్తలేని వస్తువు అలాంటి ఇంట్లో బరువే. అందుకే బీరువా వచ్చాక లెక్క తప్పింది. గోద్రెజ్ వాళ్ళు ఉక్కు బీరువాలు చెయ్యడం 1923లో మొదలుపెట్టారు. మా వైపు పల్లెల్లోకి అవి ప్రధానంగా పెళ్ళి సారెతో వచ్చాయి. బీరువా, డబుల్ కాట్, డ్రెస్సింగ్ టేబుల్. అమ్మాయి వెళ్ళే ఇంట్లో చోటుందా అని ఎవరూ కొలవరు. ఊరేగింపుగా ట్రాక్టర్ మీద ఎంత ఘనంగా కనబడుతుందన్నదే లెక్క. పైగా నైరుతి మూల బరువుండాలి కాబట్టి అక్కడే కూర్చోబెడతారు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా బంధువులింట్లో పట్టుచీరలు, దస్తావేజులు తడిసింది బీరువా కింది అరలోనే. మా అమ్మమ్మ రేకు పెట్టె మాత్రం ఎప్పట్లాగే అటక మీద ఉంది.

ఇప్పుడు ప్రభుత్వాలు కట్టించిన ఇళ్ళు చూడండి. టిడ్కో ఫ్లాట్లు 300, 365, 430 చదరపు అడుగులు. 2020 డిసెంబర్ 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో మొదలైన పథకంలో పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు స్థలం, అందులో 340 అడుగుల ఇల్లు. ఆరున్నర అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న డబుల్ కాట్ వేస్తే 300 అడుగుల ఇంట్లో ఎనిమిదో వంతు పోయింది, అదీ ఇరవైనాలుగ్గంటలూ. "ఇల్లు ఇరకటం, ఆలి మరకటం" అని సామెత. రెండో సగం మీద వ్యాఖ్యానించే ధైర్యం నాకు లేదు. మొదటి సగం మాత్రం సగానికి సగం మనం కొని తెచ్చుకున్నదే.

పాత పద్ధతికి వెళ్దామన్నా గోడ ఒప్పుకోవాలి కదా. టిడ్కో ఇళ్ళు షియర్ వాల్ పద్ధతిలో కట్టారు, అంటే గోడలు కూడా కాంక్రీటే. భూకంపానికి, తుపానుకి మంచిదే. కానీ మట్టి గోడకి చిలక్కొయ్య దిగినట్టు దీనికి మేకు దిగదు, డ్రిల్లింగ్ మిషన్ తేవాలి. ఉట్టీ, దండెం, గూడూ చేసే పని చెయ్యడానికి ఇక నేల మీద నిలబడే ప్లాస్టిక్ స్టాండ్లే దిక్కు. చిన్న ఇల్లు డిజైన్ చేసేవాళ్ళు నేల చదరపు అడుగులు లెక్కపెట్టినట్టే, కొక్కేలు, అటకలు కూడా లెక్కపెడితే బావుండును. ఒక గదికి నాలుగు ఇనప కొక్కేలు పోత పోసేటప్పుడే పెట్టడానికి ఎంతవుతుంది?

రాజమండ్రిలో అలాంటి చిన్న ఫ్లాట్‌లోకి మారిన మా పెద్దమ్మ కూతురు సారె డబుల్ కాట్ అమ్మేసి రెండు మడత మంచాలు కొంది. వాళ్ళ అత్తగారికి నచ్చలేదు. కొన్ని నెలలు మాటల్లేవట. ఇప్పుడు పగలు ఆ గదిలో కుట్టుమిషన్ నడుస్తోంది, సాయంత్రం పన్నెండు మంది పిల్లలు ట్యూషన్‌కి కూర్చుంటున్నారు. బీరువా మాత్రం అమ్మలేదు. అది నైరుతిలోనే ఉంది, దాని పైన అటక లేదు కాబట్టి విత్తనాల బస్తా బదులు పిల్లాడి సైకిల్ ఎక్కింది.