వెనక మూత మీద ఆరంకెలు

రేసింగ్ వాచీల చరిత్ర చదవడం మొదలుపెట్టిన కొత్తలో నేను పేరును నమ్మేశాను. 1969 జనవరి 10న జెనిత్ ప్రకటించిన ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ పేరే ఎల్ ప్రిమెరో. స్పానిష్‌లో ‘మొదటిది’ అని. కీ ఇవ్వక్కర్లేదు, బటన్ నొక్కితే స్టాప్‌వాచ్. కానీ ఆ రోజుకి చేతిలో ఉన్నవి నమూనాలే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

మార్చి 3న హోయర్, బ్రైట్లింగ్ జట్టు తమ మెషిన్‌ని జెనీవాలో, న్యూయార్క్‌లో ఒకేసారి చూపించింది. హోయర్ దాన్ని కరేరా, ఆటావియా, మొనాకోల్లో బిగించింది. మొదటి విడత డయళ్ల మీద ‘క్రోనోమాటిక్’ అని ఉండేది, త్వరలోనే తీసేశారు. ఆ మాట ఉన్న మొనాకో ఇప్పుడు దొరకడం గగనం.

జపాన్‌లో సీకో ఇంత హడావుడి చేయలేదు. దాని 6139 స్పీడ్ టైమర్ వెనక మూత మీద ఆరంకెల నంబరుంటుంది. మొదటి అంకె సంవత్సరం, రెండోది నెల. 93తో మొదలైతే 1969 మార్చి. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకిది తెలిసిన సంగతే: రిలీజ్ ప్రకటన వేరు, బిల్డ్ నంబర్ వేరు. నేను నంబర్ వైపే.

చిక్కల్లా ఆ 9తోనే. దశాబ్దం చెప్పదు, 1979 కూడా కావచ్చు. పైగా రిపేరు షాపుల్లో మూతలు మారిపోతాయి. అందుకే అమ్మేవాళ్లని మూత తీసి లోపలి మెషిన్ ఫొటో కూడా పెట్టమంటాను. చాలామంది పెట్టరు.