51 గంటల్లో ఓడిన తాళం

1851 జులై 22. లండన్ వెస్ట్‌మినిస్టర్‌లో గ్రేట్ జార్జ్ స్ట్రీట్, 34వ నంబరు ఇల్లు. అందులో ఒక స్ట్రాంగ్‌రూమ్, దానికి ఇనుప తలుపు, ఆ తలుపుకు చబ్ కంపెనీ వారి డిటెక్టర్ తాళం. బ్రిటన్‌లో ధనవంతులూ వ్యాపారులూ నిశ్చింతగా నిద్రపోతున్నారంటే ఆ తాళం మీద ఉన్న నమ్మకమే కారణం. అమెరికా నుంచి వచ్చిన ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ సాక్షుల ఎదుట కొన్ని చిన్న పనిముట్లు తీసుకుని ఆ తలుపు ముందు నిలబడ్డాడు. 25 నిమిషాల్లో తాళం ఊడింది. చూసినవాళ్లు తేరుకునేలోపే తాళంచెవి లేకుండానే మళ్లీ వేసి చూపించాడు. దానికి పట్టింది ఏడు నిమిషాలు. తాళానికి ఎక్కడా గీత పడలేదు.

ఆ ఏడాది హైడ్ పార్కులో క్రిస్టల్ ప్యాలెస్ కట్టి, ప్రపంచ దేశాల సరుకులన్నిటితో మహా ప్రదర్శన నిర్వహిస్తున్నారు. న్యూయార్క్‌కు చెందిన డే అండ్ న్యూవెల్ కంపెనీ తమ బ్యాంకు తాళాన్ని అక్కడ చూపించడానికి హాబ్స్‌ను పంపింది. తన తాళం గొప్పదని చెప్పడానికి అతడు ఎంచుకున్న దారి ఎదుటివారి తాళాలు విప్పి చూపడం. బ్యాంకుల తాళాలను యజమానుల కళ్లెదుటే తెరిచి, కొత్తవి అమ్మిన అనుభవం అతడికి అమెరికాలోనే ఉంది. లండన్‌లో మాత్రం అది వ్యాపార పోటీగా ఆగలేదు. పత్రికలు అట్టుడికాయి, దేశ పరువు సమస్య అయింది. నేడు మన తలుపులకున్న సిలిండర్ తాళం చరిత్ర చెప్పాలంటే ఆ వేసవి నుంచే మొదలుపెట్టాలి.

అంతకుముందు కథ చాలా పాతది. ప్రాచీన ఈజిప్టులో, అస్సీరియాలో కొయ్య తాళాలుండేవి. గడియకు పైన కొన్ని చిల్లులు, వాటిలోకి బరువుతో జారి పడే కొయ్య మేకులు. మేకులు పడితే గడియ కదలదు. తాళంచెవి అంటే మూరెడు కర్ర, దాని కొసన నిలువుగా నిలబెట్టిన పళ్లు. దాన్ని లోపలికి దూర్చి పైకెత్తితే మేకులన్నీ లేస్తాయి, గడియ జరుగుతుంది. లోపలి గడియను బయటి నుంచి అందుకునే పద్ధతి మన దగ్గరా ఉంది. తిరుమలలో సుప్రభాత వేళ బంగారు వాకిలి తెరవడానికి తాళంచెవులతో పాటు తెచ్చే కుంచెకోల అలాంటి పరికరమే.

రోమన్లు లోహంతో తాళాలు చేశారు. తాళంచెవిని ఉంగరంలా వేలికి తొడుక్కునేంత చిన్నది చేశారు. ఆ తర్వాత శతాబ్దాల తరబడి యూరప్ నమ్ముకున్నది తాళం కడుపులో ఉండే అడ్డుపలకలను. తాళంచెవికి సరైన చోట గాడి ఉంటేనే అది ఆ పలకలను దాటి తిరుగుతుంది. ఆ తాళాలు చూడటానికి నగిషీలతో ఎంతో అందంగా ఉండేవి. కానీ తాళంచెవిలో పలకలకు తగిలే భాగమంతా అరగదీసేసి కొస మాత్రం మిగిల్చితే చాలు, ఆ ఒక్క మారుతాళం పదింటిని తెరిచేది. దొంగలకు ఈ కిటుకు బాగా తెలుసు.

1778లో రాబర్ట్ బారన్ అనే ఆంగ్లేయుడు దీన్ని మార్చాడు. తాళంలోని లీవర్లను పైకెత్తితే సరిపోదు, కచ్చితమైన ఎత్తుకు ఎత్తాలి; తక్కువైనా, ఎక్కువైనా గడియ కదలదు. నేటి తాళాల్లో చాలావాటిలో ఉన్నది ఈ సూత్రమే. మన ఇళ్లలోని తాళంకప్పల మీద ‘6 లీవర్స్’, ‘7 లీవర్స్’ అని కనిపించే అంకె దాని వారసత్వమే.

1817లో పోర్ట్స్‌మత్ నౌకా కేంద్రంలో దొంగతాళాలతో చోరీ జరిగింది. సొంత చెవితో తప్ప మరి దేనితోనూ తెరుచుకోని తాళం చేసినవారికి 100 పౌండ్ల బహుమతి ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఊళ్లోనే ఇనుప సామాన్ల వ్యాపారం చేసే జెరెమియా చబ్ 1818లో డిటెక్టర్ తాళంతో ముందుకొచ్చాడు. ఎవరైనా మారుతాళంతో కెలికి ఒక లీవరును హద్దు మీరి ఎత్తితే అది పైన కొక్కేనికి చిక్కుకుని తాళం మొత్తం బిగుసుకుపోతుంది. యజమాని వచ్చి తన చెవి తిప్పితే తిరగదు. తాను లేనప్పుడు ఎవరో చెయ్యి పెట్టారని అతడికి అక్కడికక్కడే తెలిసిపోతుంది. పోర్ట్స్‌మత్ రేవులో జైలు ఓడలో ఉన్న ఒక ఖైదీ, వృత్తిరీత్యా తాళాలవాడు, తాను దీన్ని విప్పగలనన్నాడు. విప్పితే ప్రభుత్వం క్షమాభిక్ష ఇస్తుంది, చబ్ 100 పౌండ్లు ఇస్తాడు. అంతకన్నా పట్టుదలగా పనిచేయడానికి మనిషికి ఇంకేం కారణం కావాలి? రెండు మూడు నెలలు కుస్తీ పట్టి, తన వల్ల కాదని ఒప్పుకున్నాడు.

అలాంటి తాళాన్ని హాబ్స్ 25 నిమిషాల్లో ఎలా తీశాడు? దొంగను పట్టించాల్సిన ఆ కొక్కేన్నే అతడు తన సాయానికి వాడుకున్నాడు. ఏ లీవరు హద్దు దాటిందో అదే అతడికి చెప్పింది. ఎంత ఎత్తితే ఎక్కువో తెలిసినవాడికి ఎంత ఎత్తితే సరిపోతుందో కనిపెట్టడం కష్టం కాదు. భద్రత కోసం అదనంగా చేర్చిన భాగం లోపలి గుట్టు బయటికి చేరవేసే దూత కావడం ఈ కథలో అందరూ గుర్తుపెట్టుకోవలసిన ఘట్టం.

హాబ్స్ అక్కడితో ఆగలేదు. పికడిల్లీ 124వ నంబరులో బ్రామా కంపెనీ దుకాణం. అద్దం వెనుక తాళంకప్ప ఒకటి ఉండేది. దాన్ని తెరవగల పనిముట్టు చేసినవారికి 200 గినీలు, అంటే 210 పౌండ్లు, ఇస్తామని దాని మీదే సవాలు రాసి ఉంది. అర్ధ శతాబ్దం పైగా ఆ సొమ్ము ఎవరూ గెలవలేదు. జోసెఫ్ బ్రామా 1784లో పేటెంట్ పొందిన తాళం అది. చెవి చిన్న గొట్టంలా ఉంటుంది, దాని కొసన వేర్వేరు లోతుల్లో గాళ్లు. లోపల గుండ్రంగా అమర్చిన 18 రేకులను ఒక్కొక్కదాన్ని దాని లోతుకే నొక్కితే తప్ప తిరగదు. ఇంత కచ్చితంగా చేయడానికి చేతి ఆకురాయి చాలదని బ్రామా గ్రహించాడు. హెన్రీ మాడ్‌స్లే అనే 18 ఏళ్ల కుర్రాణ్ని పనిలో పెట్టుకుంటే, అతడు తాళం భాగాలు కోయడానికి ప్రత్యేక యంత్రాలే కట్టాడు. తర్వాతి రోజుల్లో బ్రిటన్ యంత్ర పరిశ్రమకు పెద్దదిక్కయిన మాడ్‌స్లే పనితనం అంతా మొదట తాళాల మీదే పదునెక్కింది.

జులై చివర్లో హాబ్స్ పని మొదలుపెట్టాడు. పర్యవేక్షణకు మధ్యవర్తుల కమిటీ వేశారు. అతడికి ఒక గది ఇచ్చారు, తాళాన్ని చెక్కల మధ్య బిగించారు, అతడు లేనప్పుడు ఎవరూ ముట్టకుండా సీలు వేశారు. 16 రోజుల్లో మొత్తం 51 గంటలు పట్టింది. ఆగస్టులో బ్రామా తాళం తెరుచుకుంది. గదిలో ఏకాంతంగా కూర్చుని, చెక్కకు పరికరాలు బిగించుకుని, అన్ని రోజులు శ్రమించే వీలు ఏ దొంగకు ఉంటుందని బ్రామా కంపెనీ వాదించింది. ఆ మాటలో న్యాయం ఉంది. 51 గంటలు నిలిచిన తాళాన్ని చెడ్డ తాళమని ఎవరూ అనలేరు. అయినా మధ్యవర్తులు హాబ్స్ పక్షాన తీర్పు చెప్పారు, 200 గినీలు అతడికి ముట్టాయి. ఆ తాళం ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.

తాళాల లోపాలు బయటపెడితే దొంగలకు పాఠం చెప్పినట్టు కాదా అని అప్పట్లో చాలామంది నొచ్చుకున్నారు. 1853లో హాబ్స్ సహకారంతో చార్లెస్ టామ్లిన్సన్ సంపాదకత్వంలో తాళాల నిర్మాణం మీద వెలువడిన పుస్తకం దీనికి సూటిగా జవాబిచ్చింది: దొంగలకు వాళ్ల విద్య ముందే వచ్చు, తెలియనిది డబ్బిచ్చి తాళం కొనేవాడికే. 170 ఏళ్లు దాటినా ఈ జవాబుకు దీటైన ఎదురువాదన రాలేదు.

హాబ్స్ తెచ్చిన అమెరికన్ తాళానికీ అదే గతి పట్టింది. దాన్ని విప్పినవాడు లైనస్ యేల్ జూనియర్. 1821లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన యేల్ మొదట బొమ్మలు వేసేవాడు, మనుషుల రూపచిత్రాలు గీసి బతుకుదామనుకున్నాడు. తండ్రి తాళాలవాడు. ఈజిప్టు కొయ్య తాళంలోని మేకుల సూత్రాన్ని లోహంలోకి తెచ్చే పని తండ్రి మొదలుపెడితే, కొడుకు దాన్ని 1861, 1865 పేటెంట్లతో నేటి రూపానికి తెచ్చాడు. 1868 అక్టోబరులో హెన్రీ టౌన్‌తో కలిసి కనెక్టికట్‌లోని స్టామ్‌ఫర్డ్‌లో కంపెనీ పెట్టాడు. అదే ఏడాది క్రిస్మస్ రోజున గుండె ఆగి చనిపోయాడు. వయసు 47. ఆ తర్వాత కోట్ల తలుపులకు ఎక్కిన తాళాన్ని అతడు కళ్లారా చూసింది ఎంతో కాలం కాదు.

ఆ తాళం కడుపులో ఏముందో కాస్త దగ్గరగా చూద్దాం. బయట కదలని గుల్ల, అందులో తిరిగే ప్లగ్. రెండింటినీ కలుపుతూ పైనుంచి వరుసగా ఐదారు రంధ్రాలు. ఒక్కో రంధ్రంలో పైన స్ప్రింగు, దాని కింద ఒక పిన్ను, దాని కింద ఇంకో పిన్ను. చెవి లేనప్పుడు పై పిన్ను సగం గుల్లలో, సగం ప్లగ్‌లో దిగి ప్లగ్‌ను తిరగనివ్వదు. సరైన చెవి దూరిస్తే దాని పళ్లు ఒక్కో జతను సరిగ్గా ఎంత కావాలో అంతే ఎత్తుతాయి. రెండు పిన్నులు విడిపోయే చోటు గుల్లా ప్లగ్గూ కలిసే గీత మీదికి వస్తుంది. అన్ని జతలూ ఒకేసారి ఆ గీతకు చేరితే ప్లగ్ తిరుగుతుంది. ఐదు పిన్నులు, ఒక్కోదానికి పది లోతులు అనుకుంటే కాగితం మీద లక్ష రకాల చెవులు. పక్కపక్క పళ్ల మధ్య మరీ నిటారు తేడా పనికిరాదు కాబట్టి ఆచరణలో అంతకన్నా తక్కువ. యేల్ చేసిన మరో మేలు చెవి సైజు తగ్గించడం. పాత తాళంచెవి తలుపు మందమంతా దాటి లోపలి పెట్టెను అందుకోవాలి. సిలిండర్ తలుపు ముఖం దగ్గరే ఉంటుంది కనుక పల్చటి చిన్న చెవి చాలు. జేబులో తాళంచెవుల గుత్తి వేసుకు తిరగడం అక్కడి నుంచే తేలికైంది.

బలహీనత కూడా ఆ రంధ్రాల్లోనే ఉంది. ఎంత మంచి యంత్రమైనా అన్ని రంధ్రాలనూ ఒకే సరళరేఖలో తొలచలేదు. ప్లగ్‌ను సన్న కడ్డీతో కొద్దిగా తిప్పి పట్టుకుంటే, ఏదో ఒక పిన్ను మిగతావాటికన్నా ముందు బిగుసుకుంటుంది. దాన్ని మాత్రం ఎత్తితే చిన్న ‘టిక్’, ప్లగ్ వెంట్రుకవాసి కదులుతుంది. తర్వాత రెండోది. ఇలా ఒక్కొక్కటిగా పోతే లక్షలో ఒకటి వెతకాల్సిన పనే లేదు. అందుకే మెరుగైన సిలిండర్లలో పై పిన్నును నడుము సన్నగా, దారపు రీలులా చేస్తారు. అది సగంలో చిక్కుకుని, తాళం ఊడబోతోందన్న భ్రమ కలిగించి, విప్పేవాణ్ని ఆపుతుంది.

మరికొందరు పిన్నుల పద్ధతినే పక్కన పెట్టారు. ఫిన్లాండ్‌లో లెక్కల యంత్రాలు బాగుచేసే ఎమిల్ హెన్రిక్‌సన్ 1907లో తిరిగే బిళ్లలతో తాళం చేశాడు. తర్వాత అదే అబ్లాయ్ అయింది. అందులో స్ప్రింగులు లేవు, కాబట్టి మంచుకూ దుమ్ముకూ మొరాయించదు. దాదాపు అదే కాలంలో బొంబాయిలో అర్దేషిర్ గోద్రెజ్ కూడా స్ప్రింగు లేని లీవర్ తాళానికి పేటెంట్ తెచ్చుకున్నాడు. వకీలుగా అబద్ధం ఆడనని కేసు వదిలేసుకుని, శస్త్రచికిత్స పరికరాల వ్యాపారంలో దెబ్బతిని, 1897లో లాల్‌బాగ్‌లో చిన్న షెడ్డులో తాళాలు మొదలుపెట్టిన మనిషి ఆయన. ఇంగ్లండ్ సరుకు ఏలుతున్న మార్కెట్లో నిలబడాలంటే అరిగిపోయే భాగాన్నే తీసేయాలని ఆయనకు తట్టడం చూస్తే ఎంతో గౌరవం కలుగుతుంది. 1968లో అమెరికాలో పుట్టిన మెడెకో మరో అడుగు వేసింది. చెవి పళ్లను ఏటవాలుగా కోసి, పిన్ను లేవడమే కాదు, సరైన కోణానికి తిరగాలి కూడా అని షరతు పెట్టింది.

2005 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లో తాళాల ఔత్సాహికులు ‘బంప్’ చెవుల సంగతి బయటపెట్టారు. పళ్లన్నీ అట్టడుగు లోతుకు కోసిన చెవిని దూర్చి వెనుక నుంచి కొడితే, క్యారమ్స్‌లో స్ట్రైకర్ దెబ్బ పక్క కాయకు చేరినట్టు, పై పిన్నులు ఒక్క క్షణం ఎగురుతాయి. ఆ క్షణం చాలు. ఇక అన్ని గదులనూ తెరిచే మాస్టర్ కీ ఉన్న ఆఫీసుల్లో, హోటళ్లలో గది చెవికీ మాస్టర్ కీకీ తాళం తెరుచుకునేలా రంధ్రాల్లో అదనంగా చిన్న పిన్నులు వేస్తారు. ఒక గది చెవి, కొన్ని ఖాళీ చెవులు ఉంటే, ఒక్కో పన్ను లోతు మార్చి చూస్తూ భవనమంతటికీ మాస్టర్ కీ తయారు చేయవచ్చని 2003లో కంప్యూటర్ శాస్త్రవేత్త మాట్ బ్లేజ్ రాశాడు. తాళాల వృత్తివారిలో చాలామందికి కోపం వచ్చింది. అది తమకెప్పుడో తెలుసని, బయటికి చెప్పడమే తప్పని అన్నారు. అయితే అంతవరకు హాస్టల్ గదుల్లో, ఆఫీసుల్లో ఉంటున్నవారికి ఆ సంగతి ఎవరు చెప్పారు?

చెవి చేతికి చిక్కకపోయినా నకలు తీయవచ్చు. 2008లో శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 195 అడుగుల దూరంలోని మేడ మీద నుంచి తీసిన ఫొటోతో తాళంచెవి పళ్ల లోతులు లెక్కగట్టారు. అమెరికా విమానాశ్రయ భద్రతా సంస్థ వారి సూట్‌కేసు మాస్టర్ చెవుల ఫొటో 2014లో ఒక పత్రికలో అచ్చయింది. మరుసటి ఏడాదికి వాటిని ఇంట్లో త్రీడీ ప్రింటర్ మీద ముద్రించుకునే నమూనాలు ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి. గృహప్రవేశం రోజు కొత్త ఫ్లాటు తాళంచెవి పట్టుకుని దంపతులు దిగే ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే ముందు పళ్ల వైపు వేళ్లతో కప్పుకోవడం మంచిది.

హైదరాబాద్, విజయవాడ అపార్టుమెంట్లలో ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్న యూరో సిలిండర్‌కు ఇంకో చిక్కు ఉంది. గడియను తిప్పే మీట కోసం, బిగించే స్క్రూ కోసం దాని నడుమ భాగం కోసేస్తారు. అక్కడ లోహం పల్చబడుతుంది. తలుపు బయటికి పొడుచుకు వచ్చిన కొసను పట్టకారుతో పట్టి వంచితే ఆ నడుము దగ్గరే విరుగుతుంది. బ్రిటన్‌లో ఇలాంటి దొంగతనాలు పెరిగాక, ముందుభాగంలో కావాలనే ఒక గాటు పెట్టిన సిలిండర్లు వచ్చాయి. వంచితే ఆ ముందు ముక్క ఒక్కటే ఊడిపోతుంది, అసలు తాళం లోపలే పదిలంగా ఉంటుంది. ఆ రకం దొరకనప్పుడు చేయగలిగింది కొలత సరిచూసుకోవడం. తలుపు మందం, పైన బిగించే ప్లేటు మందం కలిపి కొలిచి, అందుకు తగిన సిలిండర్ అడగాలి. ప్లేటు దాటి రెండు మూడు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ బయటికి రాకుండా వడ్రంగితో బిగించుకోవాలి.