చేతికి రావాలి, గాలికి రాకూడదు

మెట్లెక్కి పైకి రండి. చెప్పులు బయటే విడవండి, లోపల నేలంతా బాల్సా కర్ర పొట్టు. సికింద్రాబాద్ సైనిక్‌పురిలో, నీళ్ల ట్యాంకు పక్కన, పాత సామాన్ల కోసమని కట్టించిన గది ఇది. ఇప్పుడు గోడ పొడవునా బల్ల, బల్ల మీద స్పాంజి దిమ్మెల నడుమ ఒక విమానం. రెక్కలు ఇంకా తగిలించలేదు. ముక్కు నుంచి తోక దాకా రంగు అయిపోయింది. నడిమధ్యన, మనుషులు కూర్చోవాల్సిన చోట, పెద్ద గొయ్యి నోరు తెరుచుకుని ఉంది. అందులోంచి వైర్లు, రిసీవరు, బ్యాటరీ పెట్టే చెక్క పలక కనిపిస్తున్నాయి.

పెద్దాయన మిమ్మల్ని చూసి తల ఊపి, ముక్కాలిపీట మీది పేపర్లు తీసి కింద పెడతాడు. కూర్చోమన్నట్టు. వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. మాట పొదుపు. ఆ లోటు మనవరాలు తీరుస్తుంది. ఇంజనీరింగ్ చదువుతోంది, సెలవులకు వచ్చింది.

బల్ల మీది విమానాన్ని ఒకసారి చూడండి. ముందు ఒకటి, వెనక రెండు, లోపలికి ముడుచుకోని చక్రాలు. రెక్క వచ్చేది ఒంటికి అడుగున. ఇది హెచ్‌పీటీ-32, దీపక్. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వాళ్లు చేసింది, 1977 జనవరిలో మొదటిసారి ఎగిరింది. ఎందరో క్యాడెట్లు గాల్లో మొదటి పాఠాలు నేర్చుకున్నది దీంట్లోనే. 2009లో మెదక్ జిల్లాలో ఒక దీపక్ కూలి ఇద్దరు శిక్షకులు చనిపోయారు. ఆ తర్వాత దీపక్‌లన్నిటినీ నేలకు దించేశారు. 2013 నుంచి ఆ తొలి పాఠాల పని స్విట్జర్లాండు పిలాటస్ పీసీ-7 చేస్తోంది. అసలు దీపక్ రెక్క చివర నుంచి చివరకు తొమ్మిదిన్నర మీటర్లు. ఇక్కడ ఆరో వంతు, అంటే 1583 మిల్లీమీటర్లు. రేడియో పట్టుకుని నేల మీద నిలబడి ఎగరేసేది.

ఇక ఆ గొయ్యి మీదికి రావాల్సిన పారదర్శకమైన మూత, కనోపీ. స్పిట్‌ఫైర్, మస్టాంగ్ మోడళ్లు కట్టేవాళ్లకు దాని బాధ లేదు. రకరకాల సైజుల్లో అచ్చుపోసినవి ప్యాకెట్లో దొరుకుతాయి, కత్తిరించి అతికించుకోవడమే. దీపక్‌కు ఎవరు పోసి అమ్ముతారు? పైగా ఇందులో శిక్షకుడూ క్యాడెట్టూ పక్కపక్కనే కూర్చుంటారు, ముందువెనకలుగా కాదు. అందుకని కనోపీ పొడవుకు తగ్గ వెడల్పు, పైన చదునుగా సాగి భుజాల దగ్గర ఒక్కసారిగా వంగే గుండ్రం. ఇంకో విమానం కనోపీ తెచ్చి పెడితే ఆమడ దూరం నుంచే పరాయిదని తెలిసిపోతుంది. కాగితం మీద కొలతలన్నీ సరిపోయిన మోడల్ కూడా ఆ ఒక్క చోట తప్పితే తన విమానం కాకుండా పోతుంది. నా మట్టుకు నేను మోడల్‌ని చూసినప్పుడు కన్ను ముందు వెళ్లేది అక్కడికే, తర్వాతే రెక్కలు.

కిటికీ గట్టు మీద ఉన్నది అచ్చు. చేతిలోకి తీసుకోండి, బరువుండదు. పొణికి కర్ర. కొండపల్లిలో, నిర్మల్‌లో బొమ్మలు చెక్కే కర్రే. ఉలి పెడితే మెత్తగా తెగుతుంది, చీలిపోదు. పెద్దాయన దీన్ని కావాల్సిన కొలత కన్నా అన్ని వైపులా ఒక మిల్లీమీటరు చిన్నగా చెక్కాడు. దీని మీద పడే ప్లాస్టిక్ మందం ఒక మిల్లీమీటరు. అది కలిశాకే అసలు కొలత వస్తుంది. అడుగున మాత్రం పాతిక మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు వదిలాడు. ముడతలేవైనా పడితే ఆ అదనపు భాగంలోనే పడాలి, కత్తిరించి పారేసే చోట. పైన లప్పం రుద్ది, ఉప్పుకాగితంతో నునుపు చేసి, మళ్లీ లప్పం రుద్ది, మళ్లీ నునుపు చేశాడు. బొటనవేలు ఆనించి చూడండి. కర్ర చార ఒక్కటి మిగిలినా వేడి ప్లాస్టిక్ దాన్ని పట్టుకుంటుంది. ఆ తర్వాత ఆ గీత అద్దంలో శాశ్వతం.

కింద వంటింట్లోంచి కేక. "ఆ ఓవెన్ మళ్లీ కావాలా మీకు? పోయినసారి కేకుకు ప్లాస్టిక్ వాసనొచ్చింది!"

"ఈసారి కిటికీలు తెరుస్తాంలే అమ్మమ్మా," అంటూ మనవరాలు దిగి వెళ్తుంది. మనమూ వెళ్దాం. పని అక్కడే.

రెండు చెక్క చట్రాల మధ్య పారదర్శకమైన షీటును బిగించి, చుట్టూ క్లిప్పులు పెట్టారు. పీఈటీజీ. నీళ్ల సీసాల ప్లాస్టిక్‌కు దగ్గరి చుట్టం. పాలీకార్బనేట్ దీనికన్నా గట్టిదే గానీ గాల్లో తేమ పీల్చుకుంటుంది. ముందుగా గంటల తరబడి ఎండబెట్టకపోతే వేడికి లోపల బుడగలు లేస్తాయి. ఇంటి ఓవెన్‌తో చేసేవాళ్లకు పీఈటీజీయే మేలు. పక్కన, నేల మీద, పైపలక నిండా సన్నటి రంధ్రాలున్న చెక్క పెట్టె. దాని పక్క రంధ్రంలోకి వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం దూర్చి టేపు చుట్టారు. పలక మధ్యలో అచ్చు.

ఓవెన్ అద్దంలోంచి చూస్తూ ఉండండి. ఎనభై డిగ్రీల సెల్సియస్ దాటాక షీటు మెత్తబడటం మొదలవుతుంది, కానీ అప్పుడే తీయకూడదు. ముందు పెనం మీది అప్పడం మాదిరి అంచులు లేచి అలలు తిరుగుతుంది. కొత్తవాళ్లు ఇక్కడే కంగారుపడి బయటకు లాగేస్తారు. ఇంకాస్త ఆగితే ఆ అలలన్నీ సర్దుకుని షీటు బిగుసుకుంటుంది. ఆ తర్వాత మధ్యలో నెమ్మదిగా కిందికి జారుతుంది. రెండు అంగుళాలు జారేదాకా పెద్దాయన కదలడు. చేతులకు పాత తోలు గ్లవ్సు తొడుక్కుని ఓవెన్ ముందు వంగి నిలబడ్డాడు.

"తాతా, జారింది."

"చూస్తున్నా."

"తాతా!"

"ఆన్ చెయ్యి."

వ్యాక్యూమ్ క్లీనర్ హోరు. తలుపు తెరుచుకోవడం, చట్రం బయటకు రావడం, అచ్చు మీదికి దిగి పెట్టెకు అంటుకోవడం, ఇదంతా మీరు రెప్పవేసి తెరిచేలోగా. పెట్టెలోని గాలి పోయేకొద్దీ బయటి గాలి షీటును నాలుగు పక్కల నుంచి అచ్చుకు అదుముతుంది. కర్ర మీద కనోపీ అంచు తేలుతుంది, భుజాలు తేలతాయి, మూలల్లో రెండు ముడతలు పడి అదనపు భాగం దగ్గరే ఆగిపోతాయి. పెద్దాయన తడిగుడ్డ ఒకసారి అద్ది, క్లీనర్ ఆపమని సైగ చేస్తాడు. ముందుగా అచ్చును తాకిన పైభాగం మందం నిలుపుకుంటుంది, పక్కలు సాగి పలచబడతాయి. నడినెత్తిన వేలితో నొక్కితే గట్టిగా ఉంది, అడుగున కొంచెం లొంగుతోంది. దానికి విరుగుడు తర్వాత అడుగున వేసే చెక్క చట్రం.

మళ్లీ పైకి. ఇప్పుడిక కోత. తొందరపడితే ఇప్పటిదాకా చేసిందంతా దండగయ్యేది ఈ దశలోనే. అచ్చును లోపలే ఉంచి కోత గీతను సన్నటి మార్కరుతో గీశాడు, దాని పక్కన మాస్కింగ్ టేపు అంటించాడు. కత్తెర వంకర మొనది, రేడియో కార్ల బాడీలు కత్తిరించేది. గీత మీద కోయడు, గీతకు మూడు మిల్లీమీటర్ల కింద కోస్తాడు. మిగతాది ఉప్పుకాగితంతో తీసేదే. లోపలి వైపు మూలలు ఎక్కడా సూదిగా ఉంచడు. అలాంటి చోట ముందు చిన్న గుండ్రటి రంధ్రం వేసి, కోత అందులోకి వచ్చి ఆగేలా చూస్తాడు. పగులు ఎప్పుడూ సూది మూల నుంచే బయల్దేరుతుంది.

తర్వాతి కిటుకు చూడండి. విమానం వీపు మీద గొయ్యి అంచు చుట్టూ ఉప్పుకాగితాన్ని గరుకు వైపు పైకి వచ్చేలా టేపుతో అంటించాడు. కనోపీని దాని మీద పెట్టి ముందుకూ వెనక్కీ కొద్ది కొద్దిగా రుద్దుతున్నాడు. విమానం ఒంపు ఎలా ఉందో కనోపీ అంచు అలాగే అరుగుతుంది, కొలతలతో పని లేదు. రుద్దడం, తీయడం, వెలుతురుకు ఎత్తి చూడటం. కనోపీ కింద ఎక్కడ వెలుగు గీత కనిపిస్తే అక్కడ ఇంకా ఆనలేదని. మనవరాలు రెండో వైపు కూర్చుని టార్చి వేస్తోంది.

"ఎడమ వైపు, వెనక, పోస్టు కార్డు దూరేంత."

పోస్టు కార్డు చూసి ఎన్నాళ్లయిందో ఆ పిల్లకు! తాతగారి కొలత అలాగే వచ్చేసింది.

అసలు దీపక్‌లో కనోపీ వెనక్కి జరుగుతుంది, ఆపద వేళ ఊడి ఎగిరిపోయేలా కూడా కట్టారు. మోడల్లో కూడా జరిగే పట్టాలు పెట్టేవాళ్లున్నారు. పెద్దాయన పెట్టలేదు. బ్యాటరీ మార్చాలంటే ఈ మూతే తీయాలి, ఎగరేసిన ప్రతిసారీ. అందుకని కనోపీ, దాని కింది చెక్క చట్రం, సీట్లు, అన్నీ కలిసి ఒకే మూతగా లేస్తాయి. ముందు అద్దానికీ వెనక గూడుకూ మధ్య గీత రంగుతోనే. నాకు ఇదే సబబనిపిస్తుంది. పట్టాల మీద మోజుతో బ్యాటరీ కోసం విమానాన్ని తలకిందులు చేసుకునేవాళ్లను మైదానంలో చూశాను.

అయితే సులువుగా లేచే మూత గాల్లోనూ లేస్తుంది. కనోపీ గుండ్రం మీదుగా పోయే గాలి వేగం పుంజుకుంటుంది, అక్కడ పీడనం పడిపోతుంది, మూతను పైకి పీల్చే బలం పుడుతుంది. మనవరాలు కాగితం మీద లెక్క వేసింది: గంటకు 70 కిలోమీటర్ల వేగంలో, ఈ సైజు కనోపీ మీద, సుమారు అర కిలో. వేగం రెట్టింపైతే అది నాలుగింతలు. పైగా ముక్కు దగ్గర మోటారు చల్లబడటానికి వదిలిన రంధ్రాల్లోంచి గాలి లోపలికి వస్తుంది. పోయే దారి లేకపోతే అది లోపలి నుంచి మూతను నెడుతుంది. తోక కింద ఇంత పెద్ద రంధ్రం ఎందుకని మీరు అడగబోయారు కదా, అందుకే. వచ్చే దారికి పోయే దారి రెట్టింపు ఉండాలి. గాల్లో ఊడిన కనోపీ పోతే పోయిందనుకోవచ్చు, కానీ అది వెనక్కి ఎగిరి తోకకు తగిలితే విమానమే దక్కదు.

కాబట్టి ముందు వైపు పలచటి ప్లైవుడ్ నాలుక, విమానం అంచు కిందికి దూరేలా. ఎదురుగాలి దాన్ని ఇంకా లోపలికే నెడుతుంది. వెనక రెండు నియోడిమియం అయస్కాంతాలు, పది మిల్లీమీటర్ల బిళ్లలు. అతికించే ముందు ఏ ముఖం ఏ ముఖాన్ని పట్టుకుంటుందో మార్కరుతో చుక్క పెట్టుకుంటున్నాడు. ఎపాక్సీ జిగురు గట్టిపడ్డాక రెండూ తోసుకుంటున్నాయని తెలిస్తే చేసేదేమీ లేదు.

లోపలి అలంకారం మనవరాలి శాఖ. ఆరో వంతు కొలత అనేసరికి ఆమెకు చిన్నప్పటి బార్బీ గుర్తొచ్చింది, ఆ బొమ్మలదీ దాదాపు అదే కొలత. రెండు బొమ్మలు నడుం దాకా తెగి, జుట్టు కత్తిరించుకుని, ఆకుపచ్చ ఓవరాల్ తొడుక్కుని సిద్ధంగా ఉన్నాయి. హెల్మెట్లు టేబుల్ టెన్నిస్ బంతి సగాలు. బంతి 40 మిల్లీమీటర్లు, ఆరుతో హెచ్చిస్తే 240. మనిషి తలకు హెల్మెట్ అంతే ఉంటుంది. కాళ్లు ఎందుకు కోశారంటే బరువు.

అద్దం మీది చట్రం గీతలకు ముందు లోపలి రంగు, దాని మీద బయటి రంగు పడాలి. లేకపోతే లోపలి నుంచి కూడా విమానం రంగే కనిపించి, చూసేవాడికి ఏదో తేడా అనిపిస్తుంది. అద్దమంతా టేపు కప్పి, చట్రం పట్టీలు మాత్రం కోసి తీశారు. ఆ పట్టీల మీద 400 నంబరు కాగితంతో మెరుపు చంపి, పలచగా స్ప్రే చేశారు. ఒకేసారి దట్టంగా కొడితే టేపు కిందికి పాకుతుంది.

చివరిది జిగురు. సూపర్‌గ్లూ సీసా బల్ల మీదే ఉంది, కానీ ఆయన దాన్ని దూరంగా జరిపేశాడు. దాని ఆవిరి అద్దం లోపల తెల్లటి బూజై కూర్చుంటుంది, తుడిచినా పోదు. వాడేది పాల రంగులో ఉండి ఆరాక పారదర్శకమయ్యే కనోపీ జిగురు, ఫార్ములా 560. ఆరినా కాస్త సాగే గుణం ఉంటుంది. ఆ గుణం ఇక్కడ అవసరం: అడుగు పొడవు పీఈటీజీ ముప్పై డిగ్రీలు వేడెక్కితే అర మిల్లీమీటరుకు పైగా పెరుగుతుంది, కింది చెక్క పెద్దగా పెరగదు. జిగురు లొంగకపోతే ప్లాస్టిక్ ఉబ్బాలి లేదా పగలాలి. మన మే నెలలో మూసిన కారు వెనక సీటు ముప్పై డిగ్రీల పెరుగుదలతో ఆగుతుందా! మైదానానికి పోయేటప్పుడు ఆయన మూత విడిగా, గుడ్డలో చుట్టి పట్టుకెళ్తాడు.

జిగురు పూసి, టేపు ముక్కలతో చుట్టూ బిగించి వదిలేశారు. మీరు రేపు రండి.

వచ్చారా? టేపులు ఊడదీశారు. మనవరాలు పొడిగుడ్డ అందుకుంటే పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. పొడిగా రుద్దితే ప్లాస్టిక్‌కు విద్యుదావేశం పట్టి గదిలోని పొట్టంతా దాని మీదికే వస్తుంది. తడిపి పిండిన గుడ్డ ఇచ్చాడు. తర్వాత నాలుక దూర్చి, వెనక భాగం దింపాడు. అయస్కాంతాలు టక్కున పట్టుకున్నాయి. విమానాన్ని తలకిందులు చేసి రెండు చేతులా కుదిపాడు. కదల్లేదు. డాబా మీద తాడుతో కట్టి మోటారు పూర్తి వేగానికి పెంచాడు. మీ చొక్కా ఎగురుతోంది, మూత మాత్రం అంగుళం లేవలేదు. మోటారు ఆపి, బ్యాటరీ తీగ పీకడానికి వెనక అంచు కింద వేలి కొన పెట్టి తీశాడు, ఇట్టే లేచింది.

"అయిపోయినట్టేగా తాతా? అచ్చు పైన అటక మీద పెట్టేయనా?"

"ఉంచు. షీట్లు ఇంకో రెండున్నాయి. మధ్యాహ్నం మీ అమ్మమ్మ పడుకున్నాక అవి కూడా లాగి పెట్టేద్దాం. ఇది ఎప్పుడో ఒకప్పుడు ముక్కు మీద దిగకపోదు."