ఖాళీలు పూరించినవాళ్లు

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల చరిత్ర ఎవరు రాసినా ఒకే వరస. 1974లో విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల పేరుతో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చింది. దాన్ని అచ్చేసిన టీఎస్ఆర్ కంపెనీని 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొంది. విజార్డ్స్‌ని 1999లో హాస్‌బ్రో కొంది. ఆపైన మూడో ఎడిషన్, నాలుగో ఎడిషన్, ఐదో ఎడిషన్. కంపెనీ చేతులు మారిన కథే ఆట చరిత్రగా చెలామణీ అవుతోంది. కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఉంటూ ఏళ్ల తరబడి ఈ ఆటలు ఆడుతున్న నాకు ఈ లెక్క కుదరదు. ఈ ఆట నిలదొక్కుకోవడానికి కారణమైన పనిలో పెద్ద భాగం మా ఊరికి పడమరగా, ఓక్లాండ్ కొండల అవతల, మామూలు ఆటగాళ్ల చేతుల మీదుగా జరిగింది.

మొదటి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1824 నాటికి ప్రష్యా సైన్యంలో యుద్ధ క్రీడ ఉంది. 1969లో మినెసోటాలో డేవిడ్ వెస్లీ ‘బ్రౌన్‌స్టైన్’ ఆడించినప్పుడు ఆటగాడు సైన్యాన్ని వదిలి ఒక్క మనిషిగా మారాడు. ఆర్నెసన్ ఆ పద్ధతిని తన ‘బ్లాక్‌మూర్’ లోకంలోకి తీసుకెళ్లాడు. 1971లో గైగాక్స్, జెఫ్ పెర్రెన్‌ల యుద్ధ క్రీడ నియమాల పుస్తకం ‘చైన్‌మెయిల్’ వచ్చింది. ఇక్కడిదాకా పేచీ లేదు.

పేచీ అంతా డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చాక గడిచిన నాలుగేళ్ల గురించే. 1974లో మొదటి విడత అచ్చయిన పెట్టెలు వెయ్యి. ఒక్కో పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. పోరాటం ఎలా నడపాలో తెలియాలంటే ‘చైన్‌మెయిల్’ కూడా దగ్గరుండాలని రాసినవాళ్లు అనుకున్నట్టుంది. ఎవరి దెబ్బ ముందు పడాలో తేటగా లేదు. మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో గైగాక్స్, ఆర్నెసన్‌లతో కలిసి ఆడినవాళ్లకి ఇది ఇబ్బంది కాదు, ఎదురుగా అడిగి తెలుసుకున్నారు. కాలిఫోర్నియా వాళ్లకి ఆ వీలు లేదు. పుస్తకంలో లేనిదాన్ని వాళ్లే రాసుకోవాల్సి వచ్చింది.

ఒకరు రాసుకున్నది మరొకరికి ఎలా చేరిందంటే సైక్లోస్టైల్ మీద. లాస్ ఏంజిల్స్‌లో లీ గోల్డ్ 1975లో ‘అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్’ మొదలుపెట్టారు. ఎవరి పేజీలు వాళ్లు రాసి పంపితే ఆవిడ కలిపి కుట్టి అందరికీ పంపేవారు. మన సాహిత్యంలో లిఖిత పత్రికల స్థానం ఎలాంటిదో ఈ ఆటలో దాని స్థానం అలాంటిది, కాకపోతే ఇది దాదాపు యాభై ఏళ్లు నడిచింది. ఆ ఏడాదే అరిజోనాలో కెన్ సెయింట్ ఆండ్రీ, దొరికిన నియమాలు మింగుడుపడక ‘టనెల్స్ అండ్ ట్రోల్స్’ సొంతంగా రాశాడు. కాబట్టి మా శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా ఒక్కటే అంతా చేసిందని నేను అనను. కానీ ఇక్కడ జరిగినదానికి ఒక ప్రత్యేక కారణం ఉంది, చరిత్రకారులు దాన్ని ఒక వాక్యంలో దాటేస్తారు.

1966లో బర్క్‌లీలో సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం పుట్టింది. మధ్యయుగపు కవచాలు కట్టుకుని పేము కత్తులతో నిజంగా కొట్టుకునే సంఘం. దాని తొలి సభ్యుల్లో స్టీవ్ పెరిన్ ఒకడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో కవచం ఉంటే దెబ్బ తగలడమే కష్టమవుతుంది. ఒంటి మీద దెబ్బలు తిన్నవాడికి ఆ లెక్క నచ్చలేదు. దెబ్బ తగులుతుంది, కవచం దాని బలాన్ని తగ్గిస్తుంది, అంతే. 1976లో మొదటి డన్‌డ్రాకాన్ సమ్మేళనంలో అతను పోరాట క్రమాన్ని సవరించి పంచిన కాగితాలే ‘పెరిన్ కన్వెన్షన్స్’. ఆ డన్‌డ్రాకాన్ తర్వాత ఎన్నో ఏళ్లు మా పక్క ఊరు శాన్‌రామన్‌లో జరిగింది.

1978లో గ్రెగ్ స్టాఫోర్డ్ సంస్థ కేయోసియమ్, పెరిన్, రే టర్నీ తదితరులు రాసిన ‘రూన్‌క్వెస్ట్’ తెచ్చింది. అందులో యోధుడు, మాంత్రికుడు అనే గళ్లు లేవు. ఉదాహరణకి కత్తి విద్య నలభై శాతం ఉన్న మనిషి ఆటలో దాన్ని విజయవంతంగా వాడాడనుకోండి. సాహసం ముగిశాక శతాంశపు పాచికలు వేస్తాడు. నలభై దాటి పడితే ఆ విద్య ఐదు శాతం పెరుగుతుంది. వచ్చిన కొద్దీ నేర్చుకోవడం కష్టమవుతుందన్న జీవితసత్యం ఒక్కసారి పాచికలు వేయడంలో ఇమిడింది. 1981లో శాండీ పీటర్సన్ ‘కాల్ ఆఫ్ కథూలూ’ ఈ పునాది మీదే లేచింది, జపాన్‌లో నేటికీ దానికి గొప్ప ఆదరణ. రూన్‌క్వెస్ట్ మీద పనిచేసిన కెన్ రోల్‌స్టన్ 2002లో ‘మోరోవిండ్’ వీడియోగేమ్‌కి ప్రధాన రూపకర్త.

1974 పుస్తకాల్లోని ఆ ఖాళీలు గైగాక్స్ కావాలనే వదిలాడనీ, ఇదంతా ఆయన ఉదారతేననీ ఒక వాదన ఉంది. కొంత నిజమే. మిగతాది మీరే ఊహించుకోండన్న ధోరణిలోనే వాటిలో మూడో పుస్తకం ముగుస్తుంది. 1975లో లీ గోల్డ్ పత్రికకి రాసిన ఉత్తరంలోనూ అందరూ ఒకేలా ఆడితే ఆట చప్పబడుతుందనే అన్నాడు. అయితే 1977–79 మధ్య ‘అడ్వాన్స్‌డ్’ పుస్తకాలు తెచ్చేనాటికి అదే మనిషి అందరికీ ఒకే నియమాలు ఉండాలన్నాడు. బే ఏరియాలో డేవిడ్ హార్‌గ్రేవ్ 1977లో ‘ఆర్డుయిన్ గ్రిమోర్’ సొంతంగా అచ్చేసుకుంటే టీఎస్ఆర్ అభ్యంతరం తెలిపింది. ఉదారతే మూలమైతే ఇలా జరగదు.

అందుకే తన నియమాలతో ఇతరులూ పుస్తకాలు అచ్చేసుకోవచ్చని 2000లో విజార్డ్స్ ఇచ్చిన ఓపెన్ గేమ్ లైసెన్స్‌ని స్వేచ్ఛకి తొలి రోజుగా కీర్తించడం నాకు సమ్మతం కాదు. ఆట నడిచే పద్ధతికి కాపీరైట్ వర్తించదని అమెరికా కాపీరైట్ ఆఫీసే చెబుతుంది. ఆ లైసెన్స్ చిన్న ప్రచురణకర్తలకి కోర్టు భయం తీసింది, అది చిన్న మేలు కాదు. కానీ పాతికేళ్ల ముందే చలామణీలో ఉన్న అలవాటుకి అది కాగితం రాసిచ్చింది, అంతే. ఇచ్చినవాళ్లే 2023 జనవరిలో వెనక్కి లాక్కోబోయారు. ఏడాదికి ఏడున్నర లక్షల డాలర్లు దాటిన రాబడిపై పాతిక శాతం దాకా రాయల్టీ అడిగే ముసాయిదా బయటపడింది. ఆటగాళ్లు తిరగబడి కంపెనీ ఆన్‌లైన్ వేదికకి కట్టే చందాలు రద్దు చేసుకున్నారు. నెల తిరక్కుండానే కంపెనీ తన మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్‌లో పెట్టేసింది.

ఇప్పటి స్థితిని బంగారు యుగం అంటున్నారు. ఆడేవాళ్లు పెరిగిన మాట నిజం, నాకు సంతోషమే. 2015 నుంచి ‘క్రిటికల్ రోల్’ అనే ఆన్‌లైన్ కార్యక్రమం చూసి వచ్చినవాళ్లలో మంచి ఆటగాళ్లున్నారు. కిక్‌స్టార్టర్ లేకపోతే చాలా మంచి పుస్తకాలు అచ్చయ్యేవే కావు. నా బెంగ వేరు. 2022లో హాస్‌బ్రో ఈ ఆటకి ఆన్‌లైన్ వేదికైన డీఅండ్‌డీ బియాండ్‌ని 14 కోట్ల 63 లక్షల డాలర్లకి కొన్నది మనం ఆ తెర మీదే, నెల నెలా డబ్బు కట్టి ఆడాలని. డబ్లిన్‌లో మన తెలుగు పిల్లలు కూడా చాలామంది అలాగే ఆడుతున్నారు. కూడికలన్నీ యాప్ చేస్తుంది. కవచం గురించి పెరిన్‌కి వచ్చిన సందేహం వాళ్లకి వచ్చినా, ఆ లెక్కని యాప్‌లో సమూలంగా మార్చడం వాళ్ల చేతిలో లేదు. మార్చబుద్ధి కావడమే క్రమంగా తగ్గిపోతుందని నా భయం.

మన కథల సంగతి చూస్తే ఇంకా బాధ. 1977 ‘మాన్‌స్టర్ మాన్యువల్’లో రాక్షసుడంటే పులి తలవాడు. ఒక అమెరికన్ టీవీ సీరియల్ చూసి గైగాక్స్ రాసుకున్నాడు. 1980 ‘డీటీస్ అండ్ డెమిగాడ్స్’లో ఇంద్రుడికి, అగ్నికి హిట్ పాయింట్లు, అంటే ఎంత దెబ్బ తట్టుకుంటారన్న లెక్క, కేటాయించారు. 2022 ‘రేడియంట్ సిటడెల్’లో మిమి మండల్ బెంగాల్ నేల వాసనతో ఒక సాహసం రాసింది, చదివి పొంగిపోయాను. మనకి కాశీమజిలీ కథలున్నాయి, పాతాళభైరవి ఉంది, విఠలాచార్య సినిమాల మాయలున్నాయి. అవి ఎరిగినవాళ్లు ఈ ఊళ్లో వీధికొకరున్నారు. 2023లో అందరికీ వదిలేసిన ఆ నియమాల పత్రంలో పులి తల రాక్షసుడు కూడా ఉన్నాడు. మనకి తెలిసిన రాక్షసుణ్ణి ఆ చోట కూర్చోబెట్టి, అచ్చేసి, అమ్ముకున్నా ఎవరూ కాదనలేరు.