ఒకే తీగ, వేరువేరు అంతస్తులు: వీలాన్‌ల చరిత్ర



తెలంగాణ జిల్లాల నుంచి సూరత్‌కు వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా అక్కడి మరమగ్గాల మీద పనిచేస్తున్నాయి. ఆ నగరంలో రింగ్‌రోడ్డు వెంట పెద్ద పెద్ద బట్టల మార్కెట్లున్నాయి. భవనం ఒకటే, దుకాణాలు వందలు. ఒక అంతస్తులో వేసిన కేక పై అంతస్తుకు వినిపించదు. ఈ సంగతి గుర్తుంచుకుంటే నేటి పాఠం తేలికవుతుంది.

1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్‌ను ప్రతిపాదించారు. ఒకే తీగకు కంప్యూటర్లన్నీ కలిసి ఉండేవి. ఏ కంప్యూటరైనా అందరికీ వినిపించేలా కేక వేయవచ్చు. దీనిని బ్రాడ్‌కాస్ట్ అంటారు. యంత్రాలు పెరిగేకొద్దీ కేకలూ పెరిగాయి. లెక్కల విభాగం, విద్యార్థుల ప్రయోగశాల ఒకే గదిలో కూర్చున్నట్లయింది.

తీగ మార్చకుండా గోడలు కట్టడం ఎలా? 1980లలో బెల్‌కోర్ సంస్థలో డేవిడ్ సింకోస్కీ చేసిన కృషి నుంచి వర్చువల్ లాన్, అంటే వీలాన్, రూపుదిద్దుకొంది. 1998లో ఐఇఇఇ 802.1క్యూ ప్రమాణం వెలువడింది. దీని ప్రకారం ప్రతి ఫ్రేముకు 4 బైట్ల చీటీ తగిలిస్తారు. అందులో 12 బిట్లు వీలాన్ సంఖ్యకు కేటాయించారు. ప్రత్యేకించిన రెండు సంఖ్యలు పోగా 4,094 వీలాన్లకు చోటుంది.

ఇక చిక్కు ఎక్కడ వస్తుందో చూద్దాం. కంప్యూటర్లకు చిరునామాలు పంచే డిహెచ్‌సిపి 1993లో ప్రమాణంగా వచ్చింది. కొత్తగా చేరిన యంత్రానికి సొంత చిరునామా ఉండదు, సర్వరు ఎక్కడుందో తెలియదు. కాబట్టి అది కేక వేస్తుంది. వీలాన్ ఆ కేకను ఆపుతుంది. గోడ తన పని తాను చేసింది, సేవ కూడా తన పద్ధతిలోనే నడిచింది. అయినా విభాగమంతా పని లేక కూర్చుంటుంది!

ఇటువంటప్పుడు చరిత్ర నడిచిన క్రమంలోనే వెతకాలి. మొదట తీగ, స్విచ్ పరీక్షించాలి. తర్వాత చీటీ: రెండు చివరలా ఒకే వీలాన్ సంఖ్య ఉందా? చీటీ వల్ల ఫ్రేము గరిష్ఠ పరిమాణం 1,518 నుంచి 1,522 బైట్లకు పెరిగింది. పాత పరికరం ఆ 4 బైట్లను అంగీకరించకపోతే చిన్న ఫ్రేములు వెళ్తాయి, పెద్దవి రాలిపోతాయి.

మూడవది ఇంటర్‌ఫేస్. లినక్స్‌లో eth0.10 వంటి పేరుతో—అంటే 'ఈథ్ జీరో డాట్ టెన్'—వీలాన్ ఇంటర్‌ఫేస్‌ను సృష్టిస్తారు. దానికి ఐపి చిరునామా అందకముందే సేవ మొదలైతే, వినవలసిన చోటు దొరకక ఆగిపోవచ్చు. చేత్తో ప్రారంభిస్తే నడిచి, యంత్రాన్ని తిరిగి ఆన్ చేసినప్పుడు మొరాయించే సేవలో ఈ లోపాన్నే మొదట అనుమానించాలి. ఇంటర్‌ఫేస్ సిద్ధమయ్యాకే సేవ మొదలయ్యేలా క్రమం మార్చాలి.

నాలుగవది, సర్వరు వేరే వీలాన్‌లో ఉంటే రిలే కావాలి. ఇది రెండు అంతస్తుల మధ్య కబురు మోసే మనిషి వంటిది. కేకను అందుకొని, సర్వరుకు నేరుగా చేరుస్తుంది. ఈ ఆలోచన డిహెచ్‌సిపి కంటే పాతది, 1985 నాటి బూట్‌పిలోనే ఉంది.

విసుగెత్తి వీలాన్లు తీసేస్తే సేవ వెంటనే నడుస్తుంది. కానీ పరీక్షల విభాగం కంప్యూటర్లు మళ్లీ అందరి మధ్యకు వస్తాయి. గోడ ఎందుకు కట్టారో తెలిసినవారు దానిని పడగొట్టరు, తలుపు ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తారు.