తిరిగొచ్చినవీ, తిరిగి వెళ్లలేనివీ

మాది మదనపల్లె. చిన్నప్పుడు సెలవులకి పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం దగ్గర చుట్టాలింటికి పోతే, రాత్రిళ్లు ఒక మాట వినబడేది: “ఏనుగులొచ్చినాయంట.” ఆ మాట వెనక ఎంత చరిత్ర ఉందో అప్పుడు తెలీదు.

సుమారు రెండు వందల ఏళ్లు ఈ అడవుల్లో ఏనుగు లేదు. 1980లలో తమిళనాడు హోసూరు, ధర్మపురి వైపు నుంచి చిన్న చిన్న మందలు వాటంతటవే నడిచొచ్చాయి. 1990లో ప్రభుత్వం కౌండిన్య అభయారణ్యాన్ని ప్రకటించింది. విస్తీర్ణం దాదాపు 358 చదరపు కిలోమీటర్లు.

బోర్నియోలో కథ వేరు. తల్లిని పోగొట్టుకున్న ఒరాంగుటాన్ పిల్లల కోసం 1964లో అక్కడి సెపిలోక్‌లో ఒక కేంద్రం పెట్టారు. చెట్టెక్కడం, గూడు కట్టుకోవడం, ఏ పండు తినొచ్చో తెలుసుకోవడం, ఇలా తల్లి ఆరేడేళ్లు నేర్పే చదువునంతా మనుషులే నేర్పాలి. ఆ తర్వాత మనిషినే మరిచిపోయేలా చెయ్యాలి. ఒక్క జంతువును అడవికి పంపడానికి ఏళ్లు పడుతుంది.

‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ చూసినవాళ్లకి రఘు గుర్తుండే ఉంటాడు. కరెంటు షాక్‌కి తల్లిని పోగొట్టుకున్న ఆ గున్న ఏనుగు దొరికింది కూడా హోసూరు వైపు అడవుల్లోనే. బతికాడు, పెరిగాడు, కానీ ముదుమలై శిబిరంలోనే. మనిషి చేతి ముద్దకి అలవాటుపడ్డ ఏనుగుకి మంద దొరకడం కష్టం.

కుప్పం దగ్గర నన్నియాల శిబిరంలో జయంత్, వినాయక్ అనే కుంకీలున్నాయి. 2025 మేలో కర్ణాటక మరో నాలుగు కుంకీలను ఆంధ్రకిచ్చింది. వాటి పని పొలాల మీద పడ్డ అడవి ఏనుగులను వెనక్కి తోలడం. అంటే, తాము ఇక అడవికి తిరిగి వెళ్లలేనివి, వేరేవాటిని అడవిలోకి పంపుతున్నాయి.

రైతు కోపం అన్యాయమని నేననను. ఒక్క రాత్రిలో పంటంతా పోతుంది, ఒక్కోసారి మనిషి ప్రాణమూ పోతుంది. కానీ బోర్నియోలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి సాధించాలనుకుంటున్నది మన దగ్గర ఎవరూ నేర్పకుండానే జరిగింది. అడవి జంతువు తనంతట తానే అడవికి తిరిగొచ్చింది. ఆ అడవిలో మేతా నీళ్లూ మిగల్చకపోతే, రేపు మనకూ మిగిలేది సీసాపాలు తాగే గున్నలే.