కాలేయ మార్పిడి పొందినవారిలో కోవిడ్-19

కోవిడ్-19 సార్స్-కోవ్-2 అనే వైరస్ వలన కలిగే శ్వాసకోశ వ్యాధి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న దీనిని మహమ్మారిగా వర్ణించింది. కాలేయ మార్పిడి పొందినవారు కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా సాధారణంగా జీవితాంతం రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడవలసి ఉంటుంది. అందువలన వీరికి ఈ వ్యాధి మరింత ప్రాణాంతకమని మొదట్లో భావించారు.

వ్యాధి తీవ్రత

2020లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో, వ్యాధి సోకిన 151 మంది గ్రహీతలలో 19 శాతం, మార్పిడి జరగని 627 మందిలో 27 శాతం మరణించారు. రెండవ వర్గంవారు వయసులో పెద్దవారు. వయసు వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా మార్పిడి వలన మరణ ప్రమాదం పెరిగినట్లు తేలలేదు. ముదిమి, మూత్రపిండాల బలహీనత, కాలేయేతర క్యాన్సర్ ప్రమాదాన్ని పెంచాయి.

మందులు

అదే సంవత్సరం స్పెయిన్‌లో 111 మందిపై జరిగిన అధ్యయనంలో మైకోఫినోలేట్ వాడకానికీ, వ్యాధి తీవ్రతకూ సంబంధం కనిపించింది. టాక్రోలిమస్ విషయంలో అలా కనిపించలేదు. అయితే వైద్యుని సలహా లేకుండా ఏ మందునైనా మానివేస్తే శరీరం కొత్త కాలేయాన్ని తిరస్కరించవచ్చు. కోవిడ్ మందు పాక్స్‌లోవిడ్‌లోని రిటోనావిర్, టాక్రోలిమస్ విచ్ఛిన్నం కాకుండా అడ్డుకొని రక్తంలో దాని స్థాయిని ప్రమాదకరంగా పెంచుతుంది. కనుక ఈ రెండూ కలిపి వాడడం సాధారణంగా మంచిది కాదు.

టీకాలు

2021లో ఇజ్రాయెల్ పరిశోధకులు ఫైజర్ టీకా రెండు మోతాదులు పొందిన 80 మంది గ్రహీతలను పరీక్షించగా 47.5 శాతం మందిలోనే ప్రతిరక్షకాలు కనిపించాయి. ఆరోగ్యవంతులందరిలోనూ అవి ఏర్పడ్డాయి. ఈ కారణంగా గ్రహీతలకు అదనపు మోతాదులు, కుటుంబ సభ్యులకు కూడా టీకాలు సూచించారు.